పక్కింటి మోతి, పగటి నిద్ర

మమతారాణి పద్నాలుగేళ్లుగా నర్సు పని చేస్తోంది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, అందులోనూ తొమ్మిదేళ్లుగా రాత్రి డ్యూటీలోనే. కూతురు కావ్య మూడో తరగతిలో ఉన్నప్పుడు, పిల్ల బడి నుంచి వచ్చేసరికి తల్లి ఇంట్లో ఉండాలని తానే రాత్రులు అడిగి తీసుకుంది. ఇప్పుడు కావ్య ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. తల్లి కోసం ఎదురుచూసే వయసు దాటిపోయింది గానీ, డ్యూటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగి, దుమ్ముకు మాస్కు పెట్టుకుని, దాని మీద చున్నీ చుట్టుకుని స్కూటీ మీద ఇల్లు చేరుతుంది. స్నానం చేసి, ఇంత పెరుగన్నం తిని, పదింటికి కిటికీకి దుప్పటి అడ్డం కట్టి పడుకుంటే మళ్లీ మూడింటికి లేవడం. ఆ ఐదు గంటలే ఆమెకు రాత్రి. వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. కూరగాయల బండివాడు ఆమె గేటు దాటాకే కేక వేసేవాడు. ఎదురింటి ఐలవ్వ రోటి పని ఏదైనా ఉంటే సాయంత్రానికి పెట్టుకునేది. ఎవరూ అడిగి చేయించుకున్నది కాదు. చూసి చూసి వాళ్లంతట వాళ్లే నేర్చుకున్న మర్యాద అది.

జూన్‌లో పక్క పోర్షన్‌లోకి రామచంద్రం కిరాయికి దిగాడు. సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గాల మీద పని చేసిన మనిషి. భార్య లేదు. కూతురు బాలలక్ష్మికి కరీంనగర్‌లోనే, ఊరికి ఆ చివర, కుట్టు దుకాణం ఉంది. ఒంట్లో సత్తువ తగ్గి పని మానేశాక తండ్రిని ఆమే ఇక్కడికి రప్పించి ఇల్లు చూసి పెట్టింది. ఆదివారం ఆదివారం వచ్చి వంట చేసి పెట్టి పోయేది. రామచంద్రంతో పాటు ఒక కుక్క వచ్చింది. గోధుమ రంగు నాటు కుక్క, ఒక చెవి మడత పడి ఉంటుంది. పేరు మోతి.

ముసలాయన చూడ్డానికి పద్ధతైన మనిషే. ఎవరు ఎదురైనా ముందు తానే చేతులు జోడించేవాడు. మమతారాణికి మొదటి రోజు అది నచ్చింది. నాలుగో రోజు ఆమె వాకిలి కడిగిన నీళ్లు పారి వెళ్లి అతని గేటు ముందు నిలిచాయి. అతను బయటికొచ్చి ఆ నీళ్లను చూశాడు, ఆమెను చూశాడు, ఏమీ అనకుండా లోపలికి వెళ్లాడు. పొరపాటైంది కాకా అని ఆమె వెనకనుంచి అన్నది. వెనక్కి తిరిగి చూడలేదు. మర్నాటి నుంచే మొదలైంది మోతి మొరగడం, లేదా మొరుగుతోందని ఆమె గమనించడం ఆ రోజు నుంచే మొదలైంది.

అది ఊరికే రెండు మొరుగులు మొరిగి ఆగే కుక్క కాదు. ఆమె స్కూటీ మలుపు తిరగ్గానే అందుకునేది. ఆమె పడుకునే సమయానికి కాస్త సద్దుమణిగినట్టే ఉండి, కన్ను అంటుకోగానే మళ్లీ మొదలు. గ్యాస్ బండి వస్తే మొరుగుతుంది. పోస్టుమాన్ వస్తే మొరుగుతుంది. పక్క వీధిలో ఎవరో తలుపు వేసినా మొరుగుతుంది. మొరిగితే అరగంట, ముప్పావుగంట. ఇంట్లో మనిషి ఉన్నాడు కదా, ఒక్కసారి అదిలిస్తే ఆగదా? అదిలించిన చప్పుడు ఆమెకు ఒక్కనాడూ వినబడలేదు.

నెల రోజులు ఓర్చుకుంది. ఒకరోజు స్కూటీ దిగీ దిగగానే గోడ దగ్గరికి వెళ్లి, రాత్రంతా డ్యూటీ చేసి వస్తానని, పగలు కొంచెం కుక్కను చూసుకొమ్మని మెల్లగానే చెప్పింది. రామచంద్రం తల ఊపి, చేతులు జోడించి నవ్వాడు.

“మంచిది బిడ్డా, మంచిది.”

ఆ రోజు కూడా మోతి మొరిగింది. వారం తర్వాత మళ్లీ చెప్పింది. మళ్లీ అదే నవ్వు, అదే మంచిది. మూడోసారి నిద్ర కళ్లతో లేచి వెళ్లి అతని గేటు కొట్టింది. తలుపు తెరిచే ఉంది. గడప లోపల అతను అటు తిరిగి కూర్చుని చేటలో బియ్యం చెరుగుతున్నాడు. గేటు ఇనుప గొళ్లెం నాలుగుసార్లు మోగించింది. కుక్క ఆమె ముఖం మీదికి ఎగిరెగిరి మొరిగింది. ముసలాయన వీపు కదలలేదు. చేటలో రాళ్లు ఏరి పక్కన పడేస్తూ అలాగే కూర్చున్నాడు. మమతారాణికి ముఖం మీద కొట్టినట్టయింది. ఇంత మర్యాదగా ఒక మనిషిని అవమానించవచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆపైన ఐలవ్వ ఒక కబురు మోసుకొచ్చింది. ముసలాయన కిరాణా కొట్టు దగ్గర, నా కుక్క అసలు మొరగనే మొరగదు, అంత మంచి కుక్క ఈ వాడలోనే లేదని చెప్పుకున్నాడట. మమతారాణికి ఇంక అనుమానం లేదు. ఆ నీళ్ల కాడ మొదలైన పగే ఇది. పైకి దండాలు పెడుతూ లోపల కక్ష పెట్టుకున్నాడు. ఆమె బండి మలుపు తిరిగే వేళకు కావాలనే కుక్కను ముందు వాకిట్లో వదులుతున్నాడని కూడా ఆమె మనసులో రాసిపెట్టుకుంది.

ఆదివారం బాలలక్ష్మి కాల్చిన సర్వపిండి రెండు ముక్కలు గిన్నెలో పెట్టి అతను గోడ మీదుగా అందించాడు. మమతారాణి తీసుకుంది గానీ తినలేదు. ఎందుకిచ్చాడో అర్థం కాని వస్తువును నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. ఆమె భర్త శ్రీహరి రెండూ తిన్నాడు. అతను ఊరి బయట గ్రానైట్ పాలిష్ పట్టే పనిలో ఉంటాడు. పొద్దున ఏడింటికి పోతే సాయంత్రం ఆరింటికి వస్తాడు. కుక్క సంగతి అతనికి భార్య చెప్పినంతే తెలుసు. నేను పోయి మాట్లాడనా అని ఒకసారి అడిగితే, నువ్వు నోరు తెరిస్తే కొట్లాటైతది, ఊకో అని ఆమే ఆపింది. కానీ నిద్ర లేక ఆమె చిక్కిపోవడం, అన్నం ముందు కూర్చుని కునికిపాట్లు పడడం, ఒకరోజు స్కూటీ నడుపుతూ డివైడర్‌కు తగిలి మోచేయి గీరుకుపోవడం అతను చూస్తూనే ఉన్నాడు.

సెప్టెంబర్‌లో ఒక ఉదయం డ్యూటీ అప్పగించే ముందు ఆమె ట్రేలో మందులు సర్దుతూ, మత్తు మందు సగం మిగిలిన సీసాను చేతిలోకి తీసుకుంది. మిగిలింది పారబోసి రిజిస్టర్‌లో రాయాలి. ఎప్పుడూ చేసే పనే. ఆ రోజు చేయి ఆగింది. ఎంత ఆగిందో ఆమెకే తెలుసు. తర్వాత పారబోసింది, రాసింది, సంతకం పెట్టింది. కానీ ఇంటికొచ్చి గేటు తీస్తూ, మోతి మొరుగుతుండగా, ఐలవ్వతో అననే అన్నది.

“గా కుక్కకు ఒక్క సూదేస్తే సప్పుడు జెయ్యకుంట పండుకుంటది పెద్దమ్మా.”

ఐలవ్వ నవ్వింది. మమతారాణీ నవ్వింది. అది అక్కడితో అయిపోయిందనుకుంది.

దసరా నాడు శ్రీహరికి సెలవు. మటన్ వండుకున్నారు. మమతారాణి తిని, సాయంత్రం డ్యూటీకి పోయింది. మర్నాడు ఇంటికి వచ్చేసరికి వీధిలో మొరుగుడు లేదు. పదింటికి పడుకున్నాకా లేదు. ఎన్ని నెలలకో ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. పన్నెండు కావస్తుండగా తలుపు బాదిన చప్పుడుకు లేచింది.

వాకిట్లో రామచంద్రం నిలబడి ఉన్నాడు. అతని చేతుల్లో పాత దుప్పటిలో మోతి. నోటి చుట్టూ నురగ, పొట్ట ఉబ్బి ఉంది, కళ్లు తేలేస్తోంది. వెనక ఐలవ్వ, మరో ఇద్దరు ఆడవాళ్లు.

“ఏం సూదేసినవ్ బిడ్డా దీనికి?” అన్నాడు ముసలాయన. గొంతు వీధి చివరిదాకా వినబడేంత పెద్దగా ఉంది. “నీకు నేనేం జేసిన? నా మోతి నీకేం జేసింది?”

మమతారాణి ఐలవ్వ వైపు చూసింది. ఐలవ్వ కళ్లు దించుకుని, నువ్వన్నదే చెప్పిన బిడ్డా, నేనేం కలిపి చెప్పలే అని గొణిగింది. నేను ఏ సూదీ వేయలేదని మమతారాణి ఒకటికి రెండుసార్లు అన్నది. ఎవరూ కాదనలేదు, అవుననలేదు. వేయలేదన్నది నిజమే. అయినా ఆ మాట అంటున్నప్పుడు ట్రే మీద ఆగిన చేయి ఆమెకు గుర్తొచ్చి గొంతు తడబడింది. ఆ తడబాటును ఆడవాళ్లు ముగ్గురూ చూశారు.

ఆమె లోపలికెళ్లి చెప్పులేసుకుని వచ్చింది. “నడువుండ్రి పశువుల దవాఖానకు. ఏం తిన్నదో డాక్టరే చెప్తడు” అని తానే ఆటో పిలిచింది. ముసలాయన ఎక్కడానికి జంకాడు. ఆమె కుక్కను ఒక పక్క పట్టుకుని ఎక్కించింది.  అతను కుక్కను తన ఒడిలోకే లాక్కుని, ఆమె చేతికి అందనంత దూరంలో పెట్టుకున్నాడు.

పశువుల డాక్టరు మాస్కు పెట్టుకుని ఉన్నాడు. కుక్క పొట్ట నొక్కి చూస్తూ, తల ఎత్తకుండానే ఎప్పటి నుంచి ఇట్లున్నదని అడిగాడు.

రామచంద్రం నవ్వాడు. చేతులు జోడించాడు. “మంచిది సార్, మంచిది” అన్నాడు.

డాక్టరు తల ఎత్తాడు. వాంతులు ఎన్నిసార్లు అయ్యాయని అడిగాడు. రామచంద్రం అతని కళ్ల వైపు, మాస్కు వైపు బెదురుగా చూసి మళ్లీ చేతులు జోడించాడు. “మంచిది సార్.”

 ఆ నవ్వు, ఆ దండం, ఆ మాట తనకు ఎన్నిసార్లు దొరికాయో మమతారాణికి తెలుసు. ఆమె మెల్లగా నడిచి అతని వీపు వెనక నిలబడింది. కాకా అని పిలిచింది. అతను కదలలేదు. మోతి మాత్రం, ఆ స్థితిలోనూ, మడత పడని చెవిని ఆమె వైపు తిప్పింది. ఈసారి గట్టిగా పిలిచింది. డాక్టరు ఉలిక్కిపడి చూశాడు. ముసలాయన కుక్క తల నిమురుతూనే ఉన్నాడు.

వార్డులో ఇలాంటి మనుషులు ఆమెకు రోజుకు ఒకరైనా తగులుతారు. ప్రశ్న అర్థం కాకపోయినా అవునంటారు, నవ్వుతారు. మాట్లాడే వాళ్ల కళ్లు కాక నోరు చూస్తారు. వాళ్ల కాగితం మీద వినికిడి తక్కువ, ఎదురుగా నిలబడి మాట్లాడాలి అని తానే రాసిపెడుతుంది. పొద్దున వచ్చే నర్సులకు చెప్పి మరీ వస్తుంది. అదే మనిషి తన గోడకు అవతల ఉంటే నాలుగు నెలలు పొగరు అనుకుంది. చున్నీ చుట్టుకుని, మాస్కు పెట్టుకుని చెప్పి, వినలేదని పగ పట్టింది.

ముందుకొచ్చి డాక్టరు అడిగిన ప్రతి మాటనూ అతని ఎదుట నిలబడి, పెదవులు కనబడేలా, నిదానంగా తిరిగి చెప్పింది. అతను చక్కగా జవాబు చెప్పాడు. రాత్రి నుంచి తినలేదు, తెల్లవారి రెండుసార్లు కక్కింది, నీళ్లు కూడా నిలవడం లేదు. డాక్టరు మందు వేసి, కాసేపు ఆగాలన్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

“కాకా, నీకు చెవులు ఇనబడయా?” అని అడిగింది.

అతను ముందు అటూ ఇటూ చూశాడు.

“సాంచాల కాడ్నే పోయినయ్ బిడ్డా. మా సిరిసిల్లల మగ్గాలను సాంచాలంటం. నలభై ఏండ్లు గా సప్పుడుల ఉన్న. ఎడమ దిక్కు జర ఇనబడ్తది, గదీ గట్టిగంటెనే. చెవిటోడంటే ఇల్లు కిరాయికియ్యరని బాలలక్ష్మి ఎవ్వలకు చెప్పొద్దన్నది.”

ఇంకా ఏదో అడగాలని అతను ఆగాడు. ఆమె నోటి వైపే చూస్తూ, చిన్నగా అడిగాడు.

“మోతి మొరుగుతదా?”

ఆమె తల ఊపింది.

“బాగ మొరుగుతదా?”

మళ్లీ ఊపింది. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. “నా దగ్గరికొస్తె తోక ఊపుకుంట ఊకెనే ఉంటది” అన్నాడు. “అందరికి మొరగదని చెప్పుకుంటి.”

లోపల మోతి కక్కింది. ముందు పచ్చటి నురగ, తర్వాత ఎముక ముక్కలు, వాటితో పాటు ముద్దగా చుట్టుకుపోయిన పాలిథీన్ కవరు. కాంపౌండరు దాన్ని కర్రతో విప్పి చూపించాడు. మాంసం వాసనకు కవరుతో సహా మింగిందని, విషమూ సూదీ ఏమీ లేదని, బతుకుతుందని డాక్టరు చెప్పాడు. మమతారాణి ఆ మాటలు రామచంద్రానికి అప్పజెప్పింది. అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. నోరు జారిన బిడ్డా, మనసుల పెట్టుకోకు అన్నాడు.

ఆమె చూపు కవరు మీదే ఉంది. తెల్ల కవరు, మీద నీలం అక్షరాలు. సగం చిరిగినా ఆమె గుర్తుపట్టింది. తమ ఆసుపత్రి మందుల షాపు కవరు. ఇంటికి మాత్రలు తెచ్చినప్పుడల్లా వస్తుంది. వీధిలో ఆ కవరు ఇంకెవరింట్లోనూ ఉండదు. కాంపౌండరు దాన్ని బకెట్‌లో పడేశాడు. ఎవరికీ తెలియదు. ఆటోలో ముసలాయన ఈసారి కుక్క తలను ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమెకు అది ఇంకా బరువనిపించింది.

సాయంత్రం శ్రీహరి రాగానే కాళ్లు కడుక్కోకముందే అడిగింది. అతను చెప్పాడు. పండుగ కదా, మటన్ బొక్కలు మిగిలితే కవర్లో కట్టి గోడ మీదుగా కుక్కకు వేశానన్నాడు.

“కవర్తోటి ఎందుకేసినవ్?”

“ఇప్పుకొని తింటదనుకున్న. గది తింటే జర ఊకుంటది, నువ్వు పండుకుంటవని.”

“గంతేనా?”

“గంతే. ఇంకేముంటది?”

అతను బకెట్ అందుకుని పెరట్లోకి వెళ్లాడు. అతను ఇప్పటిదాకా ఆ కుక్కకు ఒక మెతుకు వేసిన మనిషి కాదు. గట్టిగా ముడి వేసిన కవరును కుక్క విప్పుకోలేదని అతనికి తెలియదా? లేక నిజంగానే ఆలోచించలేదా? పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి ముఖంలో ఆమె ఏదీ చదవలేకపోయింది. ట్రే ముందు తన చేయి ఆగినప్పుడు తన ముఖం చూసినవాళ్లు ఉంటే వాళ్లు మాత్రం ఏం చదివేవారు అనుకుంది. ఆ రాత్రి వార్డులో రెండుసార్లు మందుల చీటీ తిరిగి చదువుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున స్కూటీ దిగి ఇంట్లోకి పోలేదు. మాస్కు తీసి డిక్కీలో పెట్టి, నేరుగా రామచంద్రం గేటు తీసుకుని లోపలికెళ్లింది. మోతి చాప మీద పడుకుని ఉంది. ఒక్కసారి మొరిగి ఆగిపోయింది. రామచంద్రం చాయ్ పెడతానన్నాడు. వద్దని అతన్ని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుంది.

“కాకా, గా కవరు మా ఇంట్లదే. మావోడు బొక్కలు గట్టి ఏసిండు.”

అతను కళ్లు చిట్లించాడు. ఆమె పెదవుల మీది మాటను తాను సరిగ్గా పోల్చుకోలేదేమోనని అనుకున్నట్టున్నాడు.

“ఏమంటున్నవ్ బిడ్డా? ఇంకోపారి చెప్పు.”

ఒకసారి చెప్పడానికే ఆమె దారి పొడవునా ధైర్యం కూడదీసుకుంది. రెండోసారి ఇంకా నిదానంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. ఈసారి అతనికి అందింది.

“కావాల్నని ఏసిండా?”

“కాదంటుండు.”

“నువ్వేమనుకుంటున్నవ్?”

ఆమె మోతి వైపు చూసి, మళ్లీ అతని వైపు తిరిగింది. “కాదనే అనుకుంటున్న.”

అనుకుంటున్న అన్న ఆ మాటనే అతను ఒకసారి తనలో తాను అనుకుని, లేచి చాయ్ పెట్టాడు. ఆమె తాగింది.  గేటు దాకా వచ్చి, నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకనే పోతుండె అని మాత్రం అన్నాడు. అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఆమెకు తెలియలేదు.

ఆ తర్వాత పదింటి నుంచి మూడింటి దాకా రామచంద్రం మోతిని వెనక పెరట్లో కట్టేసి, తాను ముందు గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చేవాళ్లు కంటికి కనబడితే కుక్క చెప్పాల్సిన పని లేదు కదా అన్నాడు. కొన్నిసార్లు కట్టేయడం మర్చిపోతాడు. అప్పుడు మమతారాణి వెళ్లి ఎదురుగా నిలబడి నోటి మీద వేలు పెడుతుంది. అతను నాలుక కరుచుకుని పరుగెత్తుతాడు. బాలలక్ష్మికి మమతారాణే నచ్చజెప్పి చెవుల పరీక్షకు పంపింది. మిషన్ ఇచ్చారు. కూతురు వచ్చిన రోజు పెట్టుకుంటాడు, మిగతా రోజులు డబ్బాలో ఉంటుంది.

వీధిలో మాత్రం సూది మాట పోలేదు. డాక్టరు కవరు తీశాడని ఐలవ్వ అందరికీ చెప్పింది, కానీ ఆ కవరు ఎవరిదని ఒకరిద్దరు అడగకుండా ఉండలేదు. మమతారాణి శ్రీహరిని రెండోసారి అడగలేదు. అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

ఇప్పటికీ సాయంత్రం ఆరింటికి ఆమె డ్యూటీకి జడ వేసుకుంటుండగా శ్రీహరి బండి వస్తుంది. అతనూ రామచంద్రమూ చేతులు జోడించుకుంటారు, బాగున్నవా అంటే బాగున్న అనుకుంటారు. శ్రీహరి బండి స్టాండు వేసి గోడ వైపు రెండడుగులు వేయగానే, ముసలాయన మోతిని లోపలికి పిలుస్తాడు. చెవులు వినబడని మనిషి పిలుపు కాబట్టి అది చాలా గట్టిగా ఉంటుంది. శ్రీహరి ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి, తన ఇంట్లోకి వస్తాడు.